గింటామా ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చూడాలి

ముక్కులో వేలు పెట్టుకుని, చచ్చిన చేప కళ్ళేసుకుని, సోఫాలో పడి వారపత్రిక చదువుకుంటున్న తెల్లజుట్టు సమురాయ్ క్లిప్పు మీకూ ఎక్కడో తగిలే ఉంటుంది. పేరేంటని అడిగితే గింటామా అన్నారు. సరే చూద్దామని యాప్‌లో వెతికితే 367 ఎపిసోడ్లు, అవి కూడా ఒకే పేరుతో ముక్కలు ముక్కలుగా, పేరు పక్కన ఒకదానికి చిన్న గీత, ఒకదానికి సున్నా, ఒకదానికి చుక్క. చాలామంది అక్కడే దండం పెట్టి వెళ్ళిపోతారు. ధైర్యం చేసిన కొందరు ఒకటో ఎపిసోడ్ వేసి, ఎవరు ఎవరో తెలియక, ఇరవై నిమిషాలకే కట్టేస్తారు. మీరు ఈ రెండు గుంపుల్లోనూ చేరకూడదనుకుంటే ఇది చదవండి.

ముందు అసలు ఇదేంటో. హొక్కైదోకి చెందిన హిదెయాకి సొరాచి (తన బొమ్మ వేసుకోవాల్సి వస్తే గొరిల్లాని గీసి పెట్టే మనిషి) 2003 డిసెంబరులో వీక్లీ షోనెన్ జంప్ అనే వారపత్రికలో మొదలుపెట్టిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, ఇది. 2019లో పూర్తయ్యేసరికి 704 అధ్యాయాలు, 77 సంపుటాలు. సన్‌రైజ్ స్టూడియో (2015 నుంచి బందాయ్ నామ్కో పిక్చర్స్) తీసిన అనిమే, అంటే యానిమేషన్ సిరీస్, 2006 ఏప్రిల్‌లో టీవీ టోక్యోలో మొదలైంది, ఆగుతూ సాగుతూ 2018 అక్టోబరు దాకా నడిచింది. కథ జరిగేది ఎదోలో, అంటే టోక్యో పాత పేరున్న ఊళ్ళో. అసలు చరిత్రలో 1853లో అమెరికా నల్ల ఓడలు వచ్చి జపాన్ తలుపు తట్టాయి కదా, ఇక్కడ వాటి బదులు అంతరిక్షం నుంచి అమంతో అనే గ్రహాంతరవాసులు దిగారు. సమురాయ్‌లు యుద్ధం చేసి ఓడిపోయారు, కత్తి పట్టడమే నేరమైంది, ఊరి మధ్యలో ఆకాశాన్నంటే టవరు లేచింది. ఆ యుద్ధంలో ఒకప్పుడు అందరినీ వణికించిన సకాత గింతోకి ఇప్పుడు కబుకిచోలో ఓ బారు మీది గది అద్దెకు తీసుకుని, కొయ్య కత్తి నడుముకి దోపుకుని, "ఏ పనైనా చేసిపెడతాం" అని బోర్డు పెట్టుకుని బతుకుతున్నాడు. అద్దె మాత్రం ఎప్పుడూ బాకీయే.

ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

ఇది చిన్నపిల్లలతో చూసేది కాదు, హాల్లో పెద్ద టీవీలో పెట్టి అత్తగారి ముందు చూసేది అసలే కాదు. ద్వంద్వార్థాలు, బాత్రూం జోకులు దండిగా ఉంటాయి, హీరోయిన్ కగురా వాంతి చేసుకోవడం ఈ సిరీస్‌లో ఓ మామూలు విషయం, దానికి తెర మీద గళ్ళు గళ్ళు వేసి కప్పుతారు కానీ చప్పుడు కప్పరు. కాబట్టి భోంచేస్తూ పెట్టుకోకండి.

జపనీస్ ఆడియోతోనే చూడండి. గింతోకికి గొంతిచ్చిన తొమొకాజు సుగితా, అతని దగ్గర పనిచేసే కుర్రాడు షిన్‌పాచికి గొంతిచ్చిన దైసుకె సకగుచి, కగురాకి గొంతిచ్చిన రియె కుగిమియా, ఈ ముగ్గురి మధ్య మాటల పరుగే సగం కామెడీ. సబ్‌టైటిల్స్ మాత్రం వేగంగా పోతాయి. ఒక పక్క షిన్‌పాచి అరుస్తుంటాడు, ఇంకో పక్క ఎలిజబెత్ అనే తెల్ల బాతు లాంటి ప్రాణి నోరు తెరవకుండా అట్ట మీద రాసి మాట్లాడుతుంది, ఆ పైన గోడ మీద బోర్డులకి కూడా అనువాదం పడుతుంటుంది. ఫోనులో అయితే ఇదంతా చీమల బారులా ఉంటుంది. వీలైతే లాప్‌టాప్‌లో పెట్టుకుని, పాజ్ మీట మీద వేలు ఉంచుకుని చూడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

మూడో ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి

ఇది అందరూ చెప్పే సలహానే, కానీ కారణం తెలిస్తేనే నమ్మబుద్ధి అవుతుంది. 1, 2 ఎపిసోడ్లు మాంగాలో లేవు. అనిమే వాళ్ళు అప్పటికే మాంగా చదివేసిన అభిమానుల కోసం ఓ గంట స్పెషల్‌లాగా తయారుచేసి, ఉన్న పాత్రలందరినీ పరిచయం లేకుండా తెర మీదకి తోలేశారు. కొత్తవాళ్ళకి అది తెలియని వాళ్ళ పెళ్ళిలో భోజనానికి కూర్చున్నట్టే. వాటిని ఓ యాభై, అరవై ఎపిసోడ్లయ్యాక చూసుకోండి, అప్పుడు నవ్వొస్తుంది.

మాంగా మొదటి అధ్యాయం అనిమేలో మూడో ఎపిసోడ్. దీన్ని కాస్త శ్రద్ధగా చూడండి, ఎందుకంటే మిగతా 360 చిల్లర ఎపిసోడ్లు ఎలా ఉండబోతున్నాయో మొత్తం ఇందులోనే ఉంది. షిమురా షిన్‌పాచి కత్తి విద్య నేర్పే ఇంటి కుర్రాడు. ఇప్పుడు కత్తులు లేవు, శిష్యులు లేరు, నాన్న లేడు, అప్పులు మాత్రం ఉన్నాయి. అందుకని ఓ హోటల్లో పని చేస్తూ, గ్రహాంతర కస్టమర్ల చేత, యజమాని చేత తిట్లు తింటుంటాడు. వాళ్ళు అతన్ని కొడుతుంటే పక్క టేబుల్ దగ్గర్నుంచి ఓ తెల్లజుట్టు మనిషి లేచి అందరినీ చితక్కొడతాడు. మనం న్యాయం, ధర్మం, సమురాయ్ పౌరుషం అని ఏదో ఊహించుకుంటాం. అతని బాధల్లా ఒక్కటే, ఆ గొడవలో తన చాక్లెట్ పార్ఫే ఒలికిపోయింది. సరే కొట్టాడు, వెళ్ళేటప్పుడు రక్తం అంటిన ఆ కొయ్య కత్తిని నెమ్మదిగా షిన్‌పాచికి తగిలించి, నేరం వీడి మీద పడేలా చేసి, స్కూటరెక్కి పోతాడు. షిన్‌పాచి ఆ కత్తి పట్టుకుని స్కూటర్ వెనకాల పరిగెత్తుతూ అరుస్తాడు. ఆ అరుపు మొదలయ్యింది మొదలు సిరీస్ ముగిసేదాకా ఆగదు.

తర్వాత అదే ఎపిసోడ్‌లో షిన్‌పాచి అక్క ఓతాయెని అప్పులవాళ్ళు ఎత్తుకుపోబోతే, ఆ పార్ఫే మనిషే మళ్ళీ వచ్చి ఎందుకు నిలబడతాడో చూడండి. అంత నవ్వించి, ఒక్క క్షణం నిజంగా గుండె పట్టుకుని, వెంటనే మళ్ళీ నవ్వులోకి లాగేస్తారు. ఈ లయ మీకు నచ్చకపోతే ఈ సిరీస్ మీకు పడదు, నిస్సంకోచంగా వదిలేయండి. నచ్చితే నాలుగో ఎపిసోడ్ వేయండి, అక్కడ కగురా వస్తుంది, గింతోకి స్కూటర్ కింద పడుతూ.

నవ్వాలంటే షిన్‌పాచిని వినండి

జపాన్‌లో ఇద్దరు నిలబడి చెప్పే హాస్యాన్ని మాన్‌జాయ్ అంటారు. ఒకడు తిక్క మాటలు మాట్లాడతాడు, వాణ్ణి బోకె అంటారు. రెండోవాడు వెంటనే పట్టుకుని "ఏం మాట్లాడుతున్నావురా" అని దులిపేస్తాడు, వాడు త్సుక్కొమి. గింటామా మొత్తం ఈ పద్ధతి మీద నడుస్తుంది. గింతోకి, కగురా, గింతోకి పాత స్నేహితుడు కత్సురా, ఓతాయె, అందరూ బోకెలే, వీళ్ళందరికీ కలిపి ఒకే ఒక్క త్సుక్కొమి షిన్‌పాచి. అందుకే పాపం అతనికి గొంతు పోతుంటుంది. మనవాళ్ళలో కొందరు మొదటిసారి చూసి "ఈ కళ్ళజోడు కుర్రాడు ఊరికే అరుస్తాడేంటి" అని విసుక్కుంటారు. విసుక్కోకండి. అతను అరిచే వాక్యమే అసలు జోకు, ముందు జరిగింది దానికి దారి వేయడమే. అతని అరుపు సబ్‌టైటిల్ చదవకుండా తెర మీద బొమ్మ చూస్తూ కూర్చుంటే సగం పోతుంది. (అతని అసలు శరీరం కళ్ళజోడేనని, మనిషి దానికి స్టాండు మాత్రమేనని వేసే జోకు కూడా ఎపిసోడ్ల తరబడి సాగుతుంది. ఎందుకో అడక్కండి, దాని పాటికది మొలిచి పెరిగి మానైపోయింది.)

ఇంకో అలవాటు చేసుకోవాల్సింది: తెర మీద ఏమీ కదలకపోవడం. కొన్ని ఎపిసోడ్ల మొదట్లో నిమిషాల తరబడి వీళ్ళ ఇంటి ముందు భాగం ఒకే బొమ్మగా నిలబడి ఉంటుంది, లోపలి నుంచి మాటలు మాత్రం వినిపిస్తాయి. మీ నెట్ ఆగిపోలేదు. బొమ్మలు గీయడానికి డబ్బు, సమయం లేవని వాళ్ళే ఒప్పుకుంటూ, దాని మీదే జోకులు వేసుకుంటారు. స్పాన్సర్లని, టీవీ చానల్‌ని, తమ పత్రికని, పక్క సీరియళ్ళని, ఆఖరికి తమ రచయితని కూడా వదలరు.

25 దాకా ఓపిక పట్టండి

మొదటి ఇరవై ఎపిసోడ్లు బాగుంటాయి కానీ అద్భుతం అనలేను. కథనం ఇంకా కుదురుకోదు, కొన్ని చప్పగా పోతాయి. అయినా దాటేయకండి, ఎందుకంటే ఊళ్ళోవాళ్ళందరూ ఈ దశలోనే ఒక్కొక్కరుగా వస్తారు. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసే హసెగావా ఒక గ్రహాంతర యువరాజుని గుద్ది ఉద్యోగం పోగొట్టుకుని, నల్ల కళ్ళద్దాలతో పార్కు బెంచీ పాలవడం ఇక్కడే. అతను ఇక ఆ సిరీస్‌లో కోలుకోడు. షిన్‌సెన్‌గుమి పోలీసులు వచ్చేది కూడా ఇక్కడే: ఓతాయె వెంట పడి తన్నులు తినే కమాండర్ కొందో, అన్నం మీద కొండలా మయోనీస్ పోసుకునే హిజికాతా, హిజికాతాని చంపి ఆ కుర్చీ ఎలా లాక్కోవాలా అని ఎప్పుడూ ఆలోచించే ఓకితా.

25వ ఎపిసోడ్ దగ్గర ఒక్కసారి ఆగి, నిదానంగా చూడండి. గింతోకి, షిన్‌పాచి, కగురా ముగ్గురూ ఒక కుండ చుట్టూ కూర్చుని సుకియాకి వండుకుంటుంటారు. మాంసం తక్కువ, నోళ్ళు మూడు. ఎవరు ముందు చెయ్యి పెడతారు, ఎవరు ఎవరి దృష్టి మళ్ళిస్తారు, మర్యాదగా మాట్లాడుతూ ఎవరు ఎవరి ముక్క కొట్టేస్తారు అనే దాని మీద కత్తియుద్ధం స్థాయిలో టెన్షన్ నడుస్తుంది. ఒక గది, ఒక కుండ, ముగ్గురు పిసినారులు, అంతే. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఆదివారం కోడికూర వడ్డించేటప్పుడు ముక్కల లెక్క చూసినవాళ్ళెవరికైనా ఇది అనువాదం లేకుండా అర్థమవుతుంది. ఈ ఎపిసోడ్‌కి కూడా మీకు నవ్వు రాలేదంటే, ఇక ఆపేయవచ్చు, నా సలహాకి ఇక్కడితో సెలవు.

చరిత్ర కాస్త తెలిస్తే నవ్వు రెట్టింపు

జపాన్ పిల్లలు స్కూల్లో చదువుకునే పేర్లనే సొరాచి అటూ ఇటూ తిప్పి వాడుకున్నాడు. 1863లో క్యోటోలో ఏర్పడ్డ షిన్‌సెన్‌గుమి నిజం దళం. అందులో కొందో ఇసామి, హిజికాతా తోషిజో, ఓకితా సోజి నిజం మనుషులు, ఇక్కడ చివరి అక్షరాలు మారి కొందో ఇసావో, హిజికాతా తోషిరో, ఓకితా సోగో అయ్యారు. చరిత్రలో కత్సురా కొగొరోకి పట్టుబడకుండా తప్పించుకుంటాడని "పారిపోయే కొగొరో" అని పేరుండేది, ఇక్కడ కత్సురా కొతారో కూడా ప్రతి రెండో సీనులో కిటికీలోంచి దూకి పారిపోతాడు. అతన్ని పాత స్నేహితులు "జురా" అని పిలుస్తారు, ఆ మాటకి విగ్గు అని అర్థం, అందుకే ప్రతిసారీ "జురా కాదు, కత్సురా" అని సరిదిద్దుతాడు. ఈ ఒక్కటి తెలుసుకుని పెట్టుకోండి, కొన్ని వందల సార్లు వస్తుంది. వ్యాపార సంస్థ నడిపిన సకమొతో ర్యోమా ఇక్కడ అంతరిక్షంలో వ్యాపారం చేసే సకమొతో తత్సుమా, ఓడ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. తకసుగి షిన్‌సాకు ఇక్కడ తకసుగి షిన్‌సుకె, ఇతనితో జోకులుండవు. వీళ్ళ గురువు యోషిదా షోయో వెనక ఉన్న అసలు మనిషి యోషిదా షోయిన్, ఆయన్ని 1859లో ప్రభుత్వం చంపించింది. గింతోకి పేరు మాత్రం చరిత్రలోంచి కాదు, జానపద కథల్లోని సకాత కింతోకిది. బంగారాన్ని వెండి చేశాడు, అంతే.

వీళ్ళని ఇలా చూసి జపాన్‌వాళ్ళకి ఎందుకంత నవ్వొస్తుందో పట్టుకోవాలంటే, మన బ్రహ్మనాయుడు మాచర్ల బస్టాండు పక్కన జిరాక్స్ షాపు పెట్టుకుని, నాగమ్మకి మూణ్ణెల్ల అద్దె బాకీ పడి తప్పించుకు తిరుగుతున్నట్టు ఎవరైనా రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందరికీ తెలిసిన వీరుల్ని అప్పుల్లోకి దింపడం, అదీ పద్ధతి.

పేరడీల సంగతి వేరు. అన్నీ తెలియాలంటే ఎవరివల్లా కాదు. డ్రాగన్ బాల్, వన్ పీస్, బ్లీచ్, నరుతో, ఈ నాలుగూ పేర్లు, ముఖాలు గుర్తుపట్టగలిగితే జంప్ జోకుల్లో చాలావరకు గడిచిపోతుంది. గుండం అనే పెద్ద రోబోల సిరీస్ గురించి పైపైన తెలుసుకుని ఉండండి, అది ఇదే సన్‌రైజ్ వాళ్ళది కాబట్టి ఇంటి సొమ్ములాగా వాడుకున్నారు. డ్రాగన్ క్వెస్ట్ లాంటి పాత వీడియోగేములు కూడా తగులుతాయి. అర్థం కాని చోట ఆపి వెతకొద్దు, వెతికి అర్థం చేసుకున్న జోకుకి నవ్వొచ్చినవాణ్ణి నేను చూడలేదు. పోనివ్వండి, అర నిమిషంలో ఇంకోటి వస్తుంది.

లిస్టులు చూసి దూకకండి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంటర్నెట్‌లో "గింటామాలో సీరియస్ ఆర్క్‌లు మాత్రమే చూడాలంటే" అని లిస్టులు తిరుగుతుంటాయి. ఆర్క్ అంటే కొన్ని ఎపిసోడ్ల పాటు సాగే ఒకే కథ. బెనిజకురా 58 నుంచి 61, షిన్‌సెన్‌గుమి సంక్షోభం 101 నుంచి 105, యోషివారా 139 నుంచి 146, కబుకిచో నలుగురు పెద్దలు 210 నుంచి 214, ఇలా. నంబర్లు సరైనవే, నేనూ అందుకే ఇచ్చాను, కానీ మీరు ఎక్కడున్నారో చూసుకోవడానికి, దూకడానికి కాదు.

ఎందుకంటే, కొట్లాట మీద కొట్లాట ఉండే సిరీస్‌లో మధ్యలో దూకినా నష్టం లేదు, శత్రువు ఎవరో తెలిస్తే చాలు. ఇక్కడ అలా కాదు. ఇక్కడ సీరియస్ భాగం బరువంతా ముందు వచ్చిన వెర్రి ఎపిసోడ్ల మీద నిలబడుతుంది. షోగున్ షిగెషిగెని తీసుకోండి. దేశానికి పాలకుడు, పెద్దమనిషి, మాట తీరు మర్యాద. ఈయన పొరపాటున గింతోకి బృందం ఉన్నచోటికే వస్తాడు. ఓసారి వీళ్ళు ఉన్న క్లబ్బుకి, ఓసారి వీళ్ళు ఒక్కరోజు కోసం చూసుకుంటున్న సెలూన్‌కి, ఓసారి మంచులో స్కీయింగ్‌కి. వచ్చిన ప్రతిసారీ వీళ్ళు "ఈయన షోగున్ రా బాబూ" అని లోలోపల గింజుకుంటూ ఉండగా, ఆయన పరువు కాస్తా పోయి, లోదుస్తులతో మిగులుతాడు, ఒక్కోసారి అవీ ఉండవు. అయినా ఆయన ముఖంలో ఆ ప్రశాంతత చెక్కుచెదరదు. మనం పడీపడీ నవ్వుతాం. 300వ ఎపిసోడ్ దగ్గర ఆయన పేరుతోనే ఓ ఆర్క్ మొదలవుతుంది. అక్కడేం జరుగుతుందో చెప్పను, కానీ సెలూన్ ఎపిసోడ్ చూసినవాడికి, చూడనివాడికి ఆ ఎనిమిది ఎపిసోడ్లూ ఒకటి కావు. హసెగావా అయినా, గింతోకికి గది అద్దెకిచ్చిన బారు యజమాని ఓతోసె అయినా, నోరు లేని ఎలిజబెత్ అయినా అంతే. మీరు "ఫిల్లర్", అంటే ఖాళీ నింపడానికి పెట్టింది, అని దాటేసినవాళ్ళే తర్వాత మిమ్మల్ని ఏడిపించడానికి వస్తారు, అప్పుడు వాళ్ళెవరో మీకు తెలియదు.

కాబట్టి రోజుకి ఒకటి, మహా అయితే రెండు. రోజుకొకటి చూస్తే ఏడాది మీద రెండు రోజులు పడుతుంది. ఆదివారం పొద్దున్నించి రాత్రి దాకా పదిహేను లాగించేస్తే ఇందులో ఏ జోకూ పనిచేయదు, అరుపులు మాత్రం తలలో మోగుతుంటాయి. ఒకవేళ ఏదైనా ఎపిసోడ్ బొత్తిగా నచ్చకపోతే సగంలో వదిలేసి తర్వాతది వేయండి, పరీక్షేం లేదు. ఆర్క్ మొదలైతే మాత్రం ఆ నాలుగైదూ ఒకేసారి చూసుకోవచ్చు.

201 తర్వాత ఎలా వెళ్ళాలి

ఇక్కడే యాప్‌లు మనల్ని తికమక పెడతాయి, పేర్లన్నీ ఒకటే కాబట్టి. నంబర్లు పట్టుకుని వెళ్ళండి. మొదటి సిరీస్ 1 నుంచి 201, 2010 మార్చిలో ఆగింది. 2011 ఏప్రిల్‌లో పేరు పక్కన చిన్న గీతతో తిరిగొచ్చింది, 202 నుంచి 252. (ఏడాది గ్యాప్ తర్వాత వచ్చిన ఆ మొదటి ఎపిసోడ్‌లో షిన్‌పాచి తప్ప అందరూ రెండేళ్ళు ముందుకి వెళ్ళిపోయి మారిపోయి ఉంటారు. మీరు ఏదో మిస్సయ్యారని వెనక్కి వెళ్ళి వెతక్కండి, అదే జోకు.) 2012 అక్టోబరులో ఎన్‌చోసెన్ పేరుతో 253 నుంచి 265. దీని తర్వాత 2013లో వచ్చిన సినిమా చూడండి, సొరాచి సినిమా కోసమే రాసిన కథ, గింతోకి ఐదేళ్ళ తర్వాతి పాడుబడ్డ ఎదోలో వెళ్ళి పడతాడు. 2010లో వచ్చిన మొదటి సినిమా మాత్రం బెనిజకురా ఎపిసోడ్లనే మళ్ళీ తీసింది, అది చూడకపోయినా ఏమీ పోదు.

2015 ఏప్రిల్‌లో సున్నా గుర్తుతో 266 నుంచి 316. ఇందులో 299 దాకా ఎక్కువగా నవ్వులే, 300 నుంచి కథ చివరి మలుపు తిరుగుతుంది. 2017 జనవరిలో చుక్కతో 317 నుంచి 328. తర్వాత 329 నుంచి 341 పొరోరి-హెన్. ఇదొక మెలిక. ప్రసారం అయ్యింది 328 తర్వాతే అయినా, ఇందులోవి అంతకు ముందు మాంగాలో మిగిలిపోయిన కామెడీ కథలు. అంటే పెద్ద యుద్ధం అంచున నిలబెట్టి, అకస్మాత్తుగా పదమూడు ఎపిసోడ్లు పాత పిచ్చి జోకులు. కొందరు వీటిని 300కి ముందే చూసేయమంటారు, నా ఓటు కూడా దానికే, ఎందుకంటే 300 దాటాక మనసు అలా తిరగబడటానికి ఒప్పుకోదు. ప్రసారమైన వరసలో చూస్తామంటే అదీ తప్పు కాదు, ఆ అసందర్భం కూడా గింటామాదే. ఆ తర్వాత 342 నుంచి 367, 2018లో వచ్చిన వెండి ఆత్మ ఆర్క్.

367తో అయిపోయిందని యాప్ చెప్తుంది. కాలేదు. 2021 జనవరిలో వచ్చిన ద సెమీ-ఫైనల్ అనే రెండు ఎపిసోడ్ల స్పెషల్ చూసి, ఆ తర్వాత ద ఫైనల్ సినిమా చూడాలి, కథ ముగిసేది అక్కడ. ఆ సినిమాకి మొదటి వారం వచ్చినవాళ్ళకి పంచిన కానుక కార్డుల మీద ఏ బొమ్మలున్నాయనుకున్నారు, సొరాచి గీసిన డీమన్ స్లేయర్ పాత్రలు. ఆ రోజుల్లో థియేటర్లని ఏలుతున్న సినిమా అదే మరి. ఆ వారం టిక్కెట్ల లెక్కలో డీమన్ స్లేయర్‌ని కిందికి తోసి మొదటి స్థానంలోకి వచ్చింది కూడా గింటామాయే.

మాంగా చదవాలా

అనిమే చూస్తే చాలు, ఈ మాట నేను చాలా సిరీస్‌లకి చెప్పను. సొరాచి పేజీల్లో మాటల బుడగలు గోడల్లా ఉంటాయి, అనిమేలో గొంతులు వాటిని తేలిక చేశాయి. ఇంగ్లీషులో విజ్ సంస్థ పుస్తకాలుగా 23వ సంపుటి దాకా వేసి ఆపేసింది, కాబట్టి అల్మారా నింపుకుందామన్నా పూర్తి కాదు. సంపుటాల మధ్యలో పాఠకుల ఉత్తరాలకి సొరాచి ఇచ్చే జవాబులు మాత్రం బాగుంటాయి, ఎక్కడైనా దొరికితే అవి చదవండి.

మనుషులతో తీసిన సినిమాలు రెండున్నాయి, 2017, 2018. యూచి ఫుకుదా దర్శకుడు, షున్ ఓగురి గింతోకి, మసాకి సుదా షిన్‌పాచి, కన్నా హషిమొతో కగురా. సాధారణంగా అనిమేని మనుషులతో తీస్తే చూడలేం, ఇవి నయం, ఎందుకంటే చవకబారు విగ్గులు, చవకబారు గ్రాఫిక్స్ కూడా ఇక్కడ జోకులోకే కలిసిపోతాయి. మొదటిది బెనిజకురా కథే, కాబట్టి 61 దాటాక ఎప్పుడైనా చూసుకోవచ్చు. అనిమే చూడని స్నేహితులకి రుచి చూపించాలన్నా ఇదే తేలిక.

ఇంకొక్క పక్కదారి, సిరీస్‌లో ఉన్నవాళ్ళకి బాగా తెలిసింది. గింటామాలో జస్టవే అని ఓ వస్తువు ఉంటుంది, గుండ్రటి కళ్ళతో బొమ్మలా ఉంటుంది కానీ నిజానికి బాంబు. ఈ అనిమేకి స్క్రిప్టులు రాసిన అకత్సుకి యమతొయా తన పందెం గుర్రానికి ఆ పేరే పెట్టుకున్నాడు. అది 2013లో జపాన్‌లోని పెద్ద రేసు తెన్నో షో గెలిచింది, 2014లో దుబాయ్ వెళ్ళి దుబాయ్ డ్యూటీ ఫ్రీ గెలిచింది, ఆ ఏడాది ప్రపంచ గుర్రాల రేటింగుల్లో 130తో అగ్రస్థానంలో నిలిచింది. ముక్కు కెలుక్కునే సమురాయ్ కార్టూన్‌లోని బొమ్మ బాంబు పేరు అంతర్జాతీయ రేసుల వ్యాఖ్యాతలు గంభీరంగా పలికారన్నమాట. వీడియో దొరుకుతుంది, జస్టవే వచ్చే ఎపిసోడ్ చూశాకే చూడండి.

ముగింపు అన్నవాళ్ళ మాట నమ్మకండి

గింటామా అయిపోయిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి, ఇది సరిగ్గా ముగిసిన దాఖలా లేదు. 2018 సెప్టెంబరులో జంప్‌లో ముగుస్తుందని ప్రకటించారు, ఆ సంచిక కొని చూస్తే కథ పూర్తి కాలేదు, మిగతాది ఇంకో పత్రికలో అన్నారు. జంప్ గిగాకి వెళ్ళింది, అక్కడా పూర్తి కాలేదు, మిగతాది మొబైల్ యాప్‌లో అన్నారు. ఆఖరికి 2019 జూన్‌లో ఆ యాప్‌లో ముగించారు. అభిమానులు దీన్ని మోసం అని పిలుచుకుంటూనే పండగ చేసుకున్నారు. ద ఫైనల్ తర్వాత కూడా ఊరుకోలేదు, గింతోకి స్కూలు మాస్టారుగా ఉండే గిన్‌పాచి సెన్సెయ్ కథలు 2025లో అనిమేగా వచ్చాయి, యోషివారా ఆర్క్‌ని కొత్తగా సినిమా తీసి 2026 ఫిబ్రవరికి ప్రకటించారు. మీ వరసలో గిన్‌పాచిని 100 దాటాక ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మనుషులు తెలిస్తే చాలు, కథతో సంబంధం లేదు. యోషివారాని మాత్రం 139 నుంచి 146 దాకా ఉన్న పాత ఎపిసోడ్లు చూశాకే ముట్టుకోండి, యోషివారాకి కాపలా కాసే త్సుకుయోని మొదటిసారి చూడాల్సింది అక్కడ.